మోడల్ రైలు పట్టాలకు కంకర పరిచే ముందు జాగ్రత్తలు

• కంకరను అంటించే జిగురు ఆరాక పట్టాలను సరిచేయడం చాలా కష్టం కనుక, ముందుగా ఇంజన్‌ను లైనంతా నెమ్మదిగా నడిపి, ఎక్కడా ఆగకుండా, పట్టాలు తప్పకుండా వెళ్తోందని నిర్ధారించుకోవాలి.

• పట్టాల పక్కలకు తుప్పు రంగు ఇప్పుడే వేయాలి.

• సహజత్వానికి కంకర గింజ పరిమాణమే ప్రాణం. 50 మిల్లీమీటర్ల అసలు రాయి 1:87 స్కేలులో సుమారు 0.6 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. అంతకన్నా బాగా పెద్ద గింజలు వాడితే బండరాళ్లు పోసినట్టు కనిపిస్తుంది. కంకరపై అయస్కాంతాన్ని తిప్పి, అంటుకునే రేణువులను తీసివేయాలి, లేకపోతే అవి మోటారులోకి చేరే ప్రమాదం ఉంది.

• అన్నిటికంటే పాయింట్ల (రైలు ఒక లైను నుంచి మరో లైనుకు మారే చోట్ల) వద్ద ఓపిక అవసరం. కదిలే భాగాల మధ్య ఒక్క గింజ ఇరుక్కున్నా, పలుచని జిగురు పాకినా అవి బిగుసుకుపోతాయి కాబట్టి, అక్కడ కంకరను స్లీపర్ల (పట్టాల కింద ఉండే అడ్డ దిమ్మెల) పైఅంచుకు దిగువనే ఉంచి, జిగురును చుక్కచుక్కగా వేయాలి.