పెళ్లి ఫోటోలు 8 బిట్‌కి మార్చే ముందు

మాఘమాసం ముహూర్తాలు మొదలైతే ఎడిటింగ్ టేబుల్ మీద ఊపిరాడదు. ఆ హడావిడిలో ఇవి మర్చిపోవద్దు.

- 16 బిట్ ఫైల్ మీదే సేవ్ కొట్టొద్దు, వేరే పేరుతో సేవ్ చేయండి. 8 బిట్‌లో ఒక్కో మూల రంగుకి (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) లేత నుంచి ముదురు దాకా 256 మెట్లే. పోయిన మెట్లు మళ్లీ 16కి మార్చినా తిరిగిరావు.

- కలర్ కరెక్షనంతా ముందే ముగించండి. 8 బిట్‌లో కర్వ్స్ (వెలుగునీడలు, రంగులు మార్చే టూల్) గట్టిగా లాగితే స్టేజి వెనక నీలం లైటింగ్ చారలు చారలుగా విడిపోతుంది. పట్టుచీర మీద కనపడదు, నున్నటి గోడ మీద దొరికిపోతాం!

- జేపెగ్ 8 బిట్టే. మాస్టర్ కాపీ టిఫ్‌లో (16 బిట్ దాచుకోగల ఫైల్ రకం) ఉంచండి.

- జింప్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో అయితే, ఫైల్ ఎన్ని బిట్లో తెలియడానికి ఇమేజ్ మెనూలో ప్రెసిషన్ చూడండి. ఇండెక్స్‌డ్ మోడ్ జోలికెళ్లొద్దు, ఫోటో మొత్తానికి 256 రంగులే మిగులుతాయి.

- చారలు ఉన్నాయో లేదో 100 శాతం జూమ్‌లోనే చూడండి.