క్యాట్‌లో పెన్షన్ కేసు కదలడం లేదా? ఎక్కడ ఆగిందో ముందు చూడండి

రైల్వే, తపాలా వంటి కేంద్ర శాఖల్లో రిటైరైనవారి పెన్షన్ తగాదాలు మన రెండు రాష్ట్రాల నుంచీ క్యాట్ (కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్) హైదరాబాద్ బెంచ్‌కు వెళ్తాయి. "కోర్టులో ఉంది, ఏం చేస్తాం" అని ఊరుకోకండి. ఆగిన చోటు తెలిస్తే చేయగలిగింది కొంత ఉంటుంది.

సమస్య: కేసు వేశాం, ఓఏ (ఒరిజినల్ అప్లికేషన్, అంటే అసలు కేసు) నంబరు రాలేదు.
రిజిస్ట్రీ (ట్రిబ్యునల్ కార్యాలయం) అభ్యంతరాలు పెట్టి ఉంటుంది. ఎక్కువ చిక్కు గడువుతోనే. శాఖ తుది ఉత్తర్వు వచ్చిన ఏడాదిలోపు కేసు వేయాలి. అర్జీకి జవాబే రాకపోతే ఆరు నెలలు ఆగి, ఆపైన ఏడాదిలోపు వేయాలి. గడువు దాటితే ఆలస్యాన్ని మన్నించమని కారణాలతో ఎంఏ (మిసిలేనియస్ అప్లికేషన్, అంటే అనుబంధ దరఖాస్తు) జత చేయండి. పెన్షన్ నెలనెలా తక్కువ వస్తుంటే అది కొనసాగుతున్న అన్యాయమని 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, దాన్ని చూపండి. అయితే బకాయిలు మామూలుగా కేసు వేయడానికి ముందు మూడేళ్లకే ఇస్తారు. ఆలస్యం చేసిన ప్రతి నెలా మీకే నష్టం.

సమస్య: ప్రతి వాయిదాకూ శాఖ కౌంటర్‌కు (మన కేసుకు రాతపూర్వక జవాబుకు) టైమ్ అడుగుతోంది.
చివరి అవకాశం ఇచ్చి, అప్పటికీ వేయకపోతే కౌంటర్ లేకుండానే వినమని మీ వకీలు చేత గట్టిగా అడిగించండి. పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు), సర్వీసు రికార్డు, మీ అర్జీ నకళ్లు ఫైలులో ఉంటేనే ఆ మాటకు బలం. మన రిజాయిండర్ (కౌంటర్‌కు మనమిచ్చే బదులు) వేశారో లేదో కూడా కనుక్కోండి.

సమస్య: అన్నీ పూర్తయ్యాయి, విచారణకు రావడం లేదు.
డివిజన్ బెంచ్‌కు ఒక జ్యుడీషియల్ సభ్యుడు, ఒక అడ్మినిస్ట్రేటివ్ సభ్యుడు కావాలి. పోస్టు ఖాళీగా ఉంటే కేసులు పేరుకుపోతాయి. ఎనభై ఏళ్ల మనిషిని ఇలా కూర్చోబెట్టడం అన్యాయం. ఖాళీని మీరు నింపలేరు కానీ, వయసు రుజువు, వైద్య రికార్డులు పెట్టి త్వరగా వినమని ఎంఏ వేయవచ్చు. ఇలాంటి కేసులోనే ఇంతకుముందు తీర్పు వచ్చి ఉంటే, ఆ నకలు ముందే జత చేయండి.

సమస్య: కేసు నడుస్తుండగానే పెన్షనర్ చనిపోయారు.
దయచేసి దీన్ని ఇంట్లోవాళ్లకు ఇప్పుడే చెప్పి ఉంచండి. 90 రోజుల్లోపు వారసులు తమ పేర్లు చేర్చమని అడగాలి. లేకపోతే కేసు రద్దవుతుంది. సరైన కారణం చూపిస్తే తిరిగి తెరిపించే వీలుంది, కానీ దుఃఖంలో ఉన్న ఇల్లాలికి మళ్లీ ఆ తిరుగుడు ఎందుకు? ఓఏ నంబరు, వకీలు ఫోన్ నంబరు పీపీఓతో కలిపి పెట్టండి.

సమస్య: గెలిచాం, డబ్బు రాలేదు.
ఆర్డర్ నకలు శాఖకు పంపి, అందినట్టు రసీదు దాచుకోండి. ఆర్డర్‌లో చెప్పిన గడువు దాటినా అమలు చేయకపోతే, ఏడాదిలోపు ధిక్కార పిటిషన్ వేయండి.