ఐవీఐజీ ఎక్కించే రోజు: చుక్క నెమ్మదిగానే పడనివ్వండి

విజయవాడ సూర్యారావుపేటలో ఒక ఆసుపత్రి డే కేర్ వార్డులో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. పుట్టుకతోనే ఒంట్లో యాంటీబాడీలు (రోగక్రిములతో పోరాడే ప్రోటీన్లు) తయారుకాని పిల్లలు, కొన్నిరకాల రక్త క్యాన్సర్ల వల్లో వాటికి వాడే మందుల వల్లో యాంటీబాడీలు పడిపోయిన పెద్దవాళ్లు ఐవీఐజీ, అంటే నరంలోకి ఎక్కించే యాంటీబాడీల మందు కోసం మా దగ్గరికి వస్తారు. వేలమంది దాతల ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) నుంచి వేరుచేసిన యాంటీబాడీలే ఈ మందు. ఎక్కించిన మూడు వారాలకల్లా అది ఒంట్లో దాదాపు సగానికి తగ్గిపోతుంది. అందుకే మూడు, నాలుగు వారాలకోసారి తీసుకోవాలి. పిల్లాడు హుషారుగా ఉన్నాడు కదా అని ఒక నెల మానేయకండి. వాడు హుషారుగా ఉన్నది ఆ మందు వల్లే.

డోసు బరువును బట్టి ఉంటుంది. యాంటీబాడీలు తక్కువున్నవాళ్లకు మామూలుగా కిలోకు 400 నుంచి 600 మిల్లీగ్రాములు ఇస్తారు. 25 కిలోల పిల్లాడికి కిలోకు 400 చొప్పున వేసుకుంటే 10 గ్రాములు, అంటే 5 గ్రాముల సీసాలు రెండు. పిల్లలు ఎదుగుతుంటారు కాబట్టి వచ్చిన ప్రతిసారీ బరువు చూడమని మీరే అడగండి.

సీసాలు బయట కొనాల్సి వస్తే థర్మాకోల్ పెట్టె, ఐస్ ప్యాకులు వెంట తీసుకుని మెడికల్ షాపుకి వెళ్లండి. చాలా బ్రాండ్లను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. మే నెలలో మన ఊరి ఎండకు స్కూటర్ డిక్కీలో పెట్టి తేవడం అస్సలు పనికిరాదు. అలాగని సీసాను ఐసుకి ఆనించి పెట్టకూడదు, మధ్యలో మందంగా గుడ్డ చుట్టండి. ఒకసారి గడ్డకట్టిన మందును కరిగించి వాడకూడదు. సీసాను కుదపకూడదు కూడా. కుదిపితే పైన నురగ కడుతుంది.

ముందురోజు నుంచే నీళ్లు బాగా తాగించండి. పొద్దున్నే ఇడ్లీయో ఉప్మాయో తినిపించి తీసుకురండి, ఖాళీ కడుపుతో రావాల్సిన పనిలేదు. జ్వరం, దగ్గు, విరేచనాలు ఏమున్నా సూది గుచ్చకముందే చెప్పండి. ఇన్‌ఫెక్షన్ ముదిరి ఉన్నప్పుడు ఎక్కిస్తే రియాక్షన్లు ఎక్కువ. ఐజీజీ (ఒంట్లో యాంటీబాడీలు ఎంతున్నాయో చూసే) రక్తపరీక్ష రాసి ఉంటే మందు మొదలుపెట్టక ముందే రక్తం తీయించుకోండి. ఎక్కించాక తీస్తే పాత డోసు ఎంత మిగిలిందో తెలియదు.

ఇక అసలు సంగతి, వేగం. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాను గది ఉష్ణోగ్రతకు రానిస్తాం. అరచేతిలో పట్టుకుంటే చల్లగా తగలకూడదు. వేడినీళ్లలో పెట్టం. వేగం బ్రాండును బట్టి మారుతుంది, మందుతో వచ్చే కరపత్రం చూసి డాక్టరు రాస్తారు. చాలావాటిని గంటకు కిలోకు అర ఎంఎల్ దగ్గర మొదలుపెడతాం. అదే 25 కిలోల పిల్లాడికి, 20 చుక్కలకు ఒక ఎంఎల్ పడే సెట్టులో చూస్తే, నిమిషానికి నాలుగే చుక్కలు. చూస్తుంటే అసలు పడుతోందా అనిపిస్తుంది. పదిహేను నిమిషాలకో అరగంటకో నాడి, బీపీ, ఒంటి వేడి చూసుకుంటూ కొంచెం కొంచెంగా పెంచుతాం.

"సిస్టర్, అవనిగడ్డ బస్సు పోతుంది, కాస్త స్పీడు పెంచండి" అని అడుగుతారు. దూరం నుంచి వచ్చినవాళ్ల టెన్షన్ నాకు తెలుసు. అయినా పెంచను. చలి, వణుకు, తలనొప్పి, నడుంనొప్పి, వాంతులు ఎక్కువగా తొందరపడినప్పుడే వస్తాయి. డ్రిప్ సెట్టుకుండే ఆ చిన్న చక్రాన్ని మీరు ముట్టుకోకండి. రోజంతా పడుతుందనుకునే బయల్దేరండి. పిల్లాడు "చలేస్తోంది" అన్నా, ముఖం ఎర్రబడినా, ఆయాసపడినా వెంటనే పిలవండి. చాలాసార్లు కాసేపు ఆపి, తగ్గాక నెమ్మదిగా మళ్లీ మొదలుపెడితే సరిపోతుంది. అదే లైనులో వేరే మందు ఎక్కించనివ్వకండి.

ఇంటికెళ్లాక కొద్దిగా తలనొప్పి, ఒళ్లునొప్పులు ఒకటి రెండు రోజులు ఉండొచ్చు. మెడ బిగుసుకుపోయి, వెలుగు చూడలేనంత తలపోటు వచ్చినా, మూత్రం బాగా తగ్గినా, ఛాతీ నొప్పి వచ్చినా, ఒక కాలు వాచి నొప్పెట్టినా రాత్రయినా సరే ఆసుపత్రికి రండి.

ఒక నోటుపుస్తకం పెట్టండి. తేదీ, బరువు, బ్రాండు, బ్యాచ్ నంబరు, ఏ వేగంలో ఏమైందో రాయండి. సీసా మీద ఊడొచ్చే స్టిక్కరుంటే అందులో అంటించండి. మా వార్డుకి వచ్చే ఒక నానమ్మ చదువుకోలేదు, మనవడి స్టిక్కర్లన్నీ పాత క్యాలెండర్‌కి వరసగా అంటించి తెస్తుంది. బ్రాండు మారితే మొదటిసారిలాగే జాగ్రత్తగా మొదలుపెట్టాలి, ఆ సంగతి మాకు చెప్పేది ఆ క్యాలెండరే. వేరే డాక్టరు దగ్గరికి వెళ్లినా ఐవీఐజీ తీసుకుంటున్నట్టు చెప్పండి. దాతల యాంటీబాడీల వల్ల హెపటైటిస్ లాంటి కొన్ని పరీక్షలు లేని జబ్బును ఉన్నట్టు చూపించొచ్చు.

పోలియో చుక్కల సంగతి మాత్రం మర్చిపోకండి. అందులో ఉండేది బలహీనపరిచిన బతికున్న వైరస్. పుట్టుకతో యాంటీబాడీలు లేని పిల్లలకు అది వేయించకూడదు. ఇంట్లో తమ్ముడో చెల్లో ఉంటే వాళ్లకీ చుక్కలు వద్దు, వేసుకున్న పిల్లల మలంలో ఆ వైరస్ కొన్ని వారాలపాటు వస్తుంది. వాళ్లకు పోలియో ఇంజెక్షన్ ఉంది. పల్స్ పోలియో రోజున ఆశా కార్యకర్త గుమ్మంలోకి వస్తే చూపించడానికి డాక్టరు చేత ముందే ఒక కాగితం రాయించి పెట్టుకోండి.