ఐ.వి.ఎఫ్. సూదుల తరువాత పొట్ట ఉబ్బితే: ఘాట్ దాటి ఇల్లు చేరేవారికి జాగ్రత్తలు

రాయగడ, కొరాపుట్, పర్లాకిమిడి ప్రాంతాల నుంచి సంతాన చికిత్సకు విశాఖపట్నమో బరంపురమో వెళ్లే మన దంపతులలో చాలామంది అండాలు తీయించుకోగానే ఇంటిదారి పడతారు. అండాశయాలు ఉబ్బి పొట్టలో నీరు చేరే ఓ.హెచ్.ఎస్.ఎస్. అనే సమస్య సాధారణంగా ముదిరేది ఆ తరువాతే. అందుకే అండాలు తీసే ముందు వాటిని పక్వం చేసేందుకు ఇచ్చే ట్రిగ్గర్ సూదికి ముందే, ఆపై వారం రోజులు ఎక్కడ ఉండాలో నిర్ణయించుకోవాలి. వానాకాలంలో సుంకి మీదుగా సాలూరుకు దిగే ఘాట్ రోడ్డును రాత్రివేళ ఆయాసపడుతున్న మనిషితో దాటవలసిన పరిస్థితి తెచ్చుకోకూడదు.

అండాలు పెరగడానికి ఇచ్చే సూదులకు అండాశయాలు అతిగా స్పందించి, ఆపైన హెచ్‌.సి.జి. అనే హార్మోనుతో ట్రిగ్గర్ పడినప్పుడు రక్తనాళాల గోడలు పలచబడినట్లయి, రక్తంలోని నీరు పొట్టలోకి, ఒక్కోసారి ఛాతీలోకి ఊరుతుంది. లోపల రక్తం చిక్కబడి గడ్డకట్టే ప్రమాదం ఏర్పడుతుంది. పి.సి.ఓ.ఎస్. (అండాశయాల్లో చిన్న నీటిబుడగల్లాంటివి ఎక్కువగా ఉండే హార్మోన్ల సమస్య) ఉన్నవారికి, రక్తపరీక్షలో ఏ.ఎం.హెచ్. (అండాల నిల్వను సూచించే హార్మోను) ఎక్కువగా ఉన్నవారికి, చిన్న వయసు వారికి, ఇంతకుముందు ఇలా అయినవారికి ముప్పు ఎక్కువ. వీరు అండాలు ముందే విడుదల కాకుండా ఆపే మందు వాడే యాంటాగనిస్ట్ పద్ధతి గురించి, హెచ్‌.సి.జి.కి బదులు వేరే ట్రిగ్గర్ గురించి, పిండాలను ఫ్రీజ్ చేసి తరువాతి నెలల్లో వేయించుకోవడం గురించి డాక్టరును తప్పక అడగాలి. ఖర్చు, ఆలస్యం పెరిగినా ఈ చివరి మార్గమే నాకు మేలనిపిస్తుంది.

ఇంట్లో రోజూ ఉదయం బరువు, నడుము చుట్టుకొలత రాసుకోవాలి. దాహానికి తగినట్లు నీళ్లు తాగాలి. నొప్పికి పారాసిటమాల్ చాలు. మందుల షాపులో దొరికే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వాడకూడదు. ఉబ్బిన అండాశయం మెలిపడే అవకాశం ఉన్నందున బరువులెత్తడం, దాంపత్య కలయిక మానాలి. అలాగని మంచానికే అతుక్కుంటే రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది.

ఒక్క రోజులో 1 కిలోకు మించి బరువు పెరిగినా, మూత్రం తగ్గినా, ఆగని వాంతులు, ఆయాసం, పిక్కలో నొప్పి వచ్చినా, 108కు ఫోన్ చేసి పెద్ద ఆసుపత్రికి వెళ్లాలి. ట్రిగ్గర్ పేరు, తేదీ, తీసిన అండాల సంఖ్య ఉన్న కాగితం వెంట ఉంటే అక్కడి డాక్టర్లకు సమయం కలిసివస్తుంది. అక్కడ సెలైన్, ఆల్బుమిన్ అనే ప్రోటీన్, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ సూదులు ఇస్తారు; అవసరమైతే స్కానింగ్‌లో చూస్తూ పొట్టలోని నీరు తీస్తారు.

గర్భం రాకపోతే ఈ బాధ చాలావరకు 7 నుంచి 10 రోజుల్లో తగ్గుతుంది. గర్భం నిలిస్తే శరీరంలో పుట్టే హెచ్‌.సి.జి. వల్ల మళ్లీ ముదరవచ్చు. కనుక పరీక్షలో శుభవార్త వచ్చాక పొట్ట ఉబ్బితే, నెల తప్పినప్పుడు ఇవన్నీ మామూలేనని పెద్దలు సర్దిచెప్పినా, చికిత్స చేసిన డాక్టరుకు ఆ రోజే ఫోన్ చేయాలి.