వైఫై వేస్తే ల్యాప్‌టాప్ హ్యాంగ్ అవుతోందా? ఫార్మాట్ కొట్టకముందు ఇవి చూడండి

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టుకి లెక్కలు రాస్తాను. సీజన్‌లో పట్టీలు (సరుకు అమ్మకం లెక్కల కాగితాలు) అక్కడ తెమలవు, బ్రాడీపేటలో ఇంటికొచ్చాక రాత్రి పూర్తిచేసుకోవాలి. మొన్న మార్చిలో సరిగ్గా ఆ టైంలోనే ల్యాప్‌టాప్ హ్యాంగ్ అవడం మొదలైంది. మౌస్ కదలదు, ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. పవర్ బటన్ పది సెకన్లు నొక్కిపట్టి ఆపాల్సిందే. "ఎండలకి వేడెక్కుతోంది, ఫార్మాట్ కొట్టేద్దాం పెద్దమ్మా" అన్నాడు మా మరిది కొడుకు. వాడికి ప్రతి రోగానికీ అదొక్కటే మందు.

మీకూ ఇలా అయితే ముందు క్యాప్స్ లాక్ నొక్కి చూడండి. దాని లైటు వెలిగి ఆరుతుంటే ఏదో ప్రోగ్రామ్ మొరాయిస్తున్నట్టు, కాసేపాగితే తేరుకోవచ్చు. లైటు కూడా ఉలకకపోతే విండోస్ లోలోపలే ఆగిపోయిందని అనుమానించాలి. మామూలు ప్రోగ్రామ్ చెడితే అదొక్కటే మూతపడుతుంది. డ్రైవర్, అంటే వైఫై కార్డు లాంటి భాగాన్ని విండోస్‌తో పనిచేయించే ప్రోగ్రామ్, అలా కాదు, కెర్నెల్‌లో, అంటే విండోస్ గుండెకాయలో కూర్చుని పనిచేస్తుంది, అది ఇరుక్కుంటే మిషన్ మొత్తం ఇరుక్కుంటుంది. ఆపేముందు స్క్రీన్ మూల గడియారంలో టైం రాసిపెట్టుకోండి. నాది 9:42 దగ్గర ఆగింది.

ఇక దొంగని పట్టడం. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద వైఫై కార్డుని డిజేబుల్ చేసి, ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టాను, అంటే ఫోన్ నెట్‌ని ఆ కేబుల్ మీదే వాడుకున్నాను. అదే గది, అదే ఉక్క, అవే పట్టీలు. రెండు రాత్రులు ఒక్కసారి కూడా ఆగలేదు. మూడో రాత్రి వైఫై వేశాను, పావుగంటలో బిగుసుకుపోయింది. పాపం, ఎండలు బతికిపోయాయి.

విండోస్ జరిగినవన్నీ రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, అందులో సిస్టమ్ తెరిస్తే కెర్నెల్ పవర్ 41 అని కనిపిస్తుంది. దాన్ని చూసి టెన్షన్ పడకండి. మనం బటన్ నొక్కి ఆపిన సంగతి మళ్లీ ఆన్ అయ్యాక రాసుకుంటుంది, అంతే. అసలు చూడాల్సింది మీరు రాసుకున్న టైంకి ముందున్న వరసలు. నాకక్కడ వైఫై అడాప్టర్ పేరు మీద వార్నింగులు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి.

డ్రైవర్ మార్చేలోపే హ్యాంగ్ అయిపోతుంటే అవసరమైన డ్రైవర్లతో మాత్రమే లేచే సేఫ్ మోడ్‌లోకి వెళ్లండి. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్. తర్వాత 4 నొక్కాలి. 5 వద్దు, అది నెట్‌వర్క్‌తో లేస్తుంది. డిస్క్‌కి బిట్‌లాకర్ అనే విండోస్ తాళం ఉంటే దారిలో 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు, ముందే దగ్గర పెట్టుకోండి.

డివైస్ మేనేజర్‌లో వైఫై కార్డు ప్రాపర్టీస్ తెరిచి, డ్రైవర్ ట్యాబ్‌కి వెళ్లి రోల్ బ్యాక్ నొక్కితే పాత డ్రైవర్ వస్తుంది. నాకు ఆ బటన్ మసకగా ఉంది, అంటే వెనక్కి వెళ్లడానికి పాతది లేదన్నమాట. అప్పుడు ల్యాప్‌టాప్ కంపెనీ సైట్లో మీ మోడల్ పేరుతో వెతకాలి. ఒకే మోడల్‌లో వేర్వేరు కార్డులు పెడుతుంటారు కాబట్టి డీటెయిల్స్ ట్యాబ్‌లో హార్డ్‌వేర్ ఐడీ కూడా చూసుకోండి. అందులో వెండర్ (కార్డు తయారీ కంపెనీ) నంబర్ 8086 అయితే ఇంటెల్, 10ఈసీ అయితే రియల్‌టెక్. కొత్తదే మంచిదని ఎగబడొద్దు. నాకు పనిచేసింది అంతకుముందు వెర్షనే.

ఆ ఫైల్ ముందు డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నాకే అన్‌ఇన్‌స్టాల్ నొక్కండి. అప్పుడు డ్రైవర్‌ని కూడా తీసేయమనే గడికి టిక్ పెట్టడం మర్చిపోవద్దు. నేను మొదటిసారి మర్చిపోయాను. రీస్టార్ట్ కాగానే విండోస్ ఆ పాడు డ్రైవర్‌నే తెచ్చి కూర్చోబెట్టింది, ఇంకో రాత్రి పోయింది.

పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ ఉంటే, కరెంటు ఆదాకి ఈ డివైస్‌ని ఆపొచ్చనే టిక్ తీసేయండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఆ ట్యాబే ఉండదు. విండోస్ అప్‌డేట్‌ని కొన్నాళ్లు పాజ్‌లో పెట్టండి, ఆప్షనల్ అప్‌డేట్స్‌లో వైఫై డ్రైవర్ కనిపించినా ముట్టుకోవద్దు.

కార్డు డిజేబుల్ చేసినా హ్యాంగ్ అవుతుంటే వైఫైని వదిలేసి ర్యామ్ చూపించండి. డ్రైవర్ ఎన్ని మార్చినా వైఫైతోనే ఆగుతుంటే, లోపలి కార్డుని డిజేబుల్‌లోనే ఉంచి యూఎస్‌బీలో గుచ్చే చిన్న వైఫై డాంగిల్ కొనుక్కోవచ్చు. నాకు అంతదాకా రాలేదు.