గోదారి డెల్టాలో సర్కారు ఇల్లు: దరఖాస్తు నుంచి ఆఖరి బిల్లు దాకా ఎలా?

ఇల్లు మంజూరైందని తెలియగానే మేస్త్రికి ఫోన్ చేయకండి. మన దగ్గర హౌసింగ్ బిల్లు అంటే కట్టినదానికి ఇచ్చేది. పునాది లేస్తే కొంత, గోడలు లేస్తే కొంత, శ్లాబు పడితే కొంత, అన్నీ అయ్యాక మిగతాది. అంటే ప్రతి మెట్టు దగ్గరా ముందు మన చేతి డబ్బు కదలాలి, ఆ తర్వాతే సర్కారు డబ్బు. ఇది లెక్కలో పెట్టుకోకుండా మొదలుపెట్టిన ఇళ్లే మొండిగోడలతో ఆగిపోయి, పిచ్చిమొక్కలు మొలిచి, ప్రతి లేఅవుట్లోనూ కనిపిస్తుంటాయి.

ముందు మీరు ఏ పథకం కిందికి వస్తారో తేల్చుకోండి

పల్లెల్లో పీఎం ఆవాస్ యోజన గ్రామీణ్, పట్టణాల్లో అర్బన్ 2.0. గ్రామీణ్‌లో మైదాన ప్రాంతానికి 1.20 లక్షలు, ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు ఉండాలి, అంటే వంటగదితో కలిపి సుమారు 270 చదరపు అడుగులు. అర్బన్ 2.0 మొదలైంది 2024 సెప్టెంబరులో. సొంత స్థలంలో కట్టుకునే పేదలకు అందులో కేంద్రం 1.50 లక్షలు, రాష్ట్రం కనీసం లక్ష, మొత్తం 2.50 లక్షలు. ఇల్లు 30 నుంచి 45 చదరపు మీటర్ల మధ్య ఉండాలి. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. మనం పల్లెటూరే అనుకునే చాలా ఊళ్లు అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీల (పట్టణాభివృద్ధి సంస్థల) పరిధిలో ఉన్నాయి, అలాంటి ఊళ్లలో కిందటిసారి ఇళ్లు అర్బన్ ఖాతాలోనే వచ్చాయి. కాబట్టి పంచాయతీ బోర్డు చూసి మనది గ్రామీణ్ అని తీర్మానించేసుకోకుండా మీ ఊరి సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంట్‌ని అడగండి.

అర్హత ఉందో లేదో

అర్బన్‌లో ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం, దేశంలో ఎక్కడా మీ కుటుంబానికి పక్కా ఇల్లు ఉండకూడదు, గత 20 ఏళ్లలో ఏ ప్రభుత్వ ఇల్లూ తీసుకుని ఉండకూడదు. కుటుంబం అంటే భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు. పెళ్లయిన కొడుకు వేరే కుటుంబం కిందే లెక్క, కానీ రైస్ కార్డులో ఇంకా తండ్రితోనే ఉంటే ముందు కార్డు విడదీయించుకోవాలి. లేకపోతే నాన్నగారి డాబా ఇల్లు కొడుకు దరఖాస్తుకి అడ్డం పడుతుంది.

గ్రామీణ్‌లో నిబంధనలు 2024లో కాస్త సడలించారు. బైకు, ఫ్రిజ్, ఇంజన్ పడవ ఉన్నా ఇప్పుడు పర్లేదు. వేటకెళ్లేవాళ్లకి ఇది పెద్ద ఊరట. ఇంట్లో ఎవరికైనా నెలకి 15,000 దాటి ఆదాయం ఉన్నా, రెండున్నర ఎకరాలు గానీ అంతకు మించి గానీ నీటివసతి ఉన్న భూమి ఉన్నా, ఆటో, కారు, ట్రాక్టర్ లాంటివి ఉన్నా రాదు. రెండున్నర ఎకరాల కొబ్బరితోట కాగితాల మీద తాతగారి పేరునే ఉండిపోయి, నలుగురు అన్నదమ్ములు పంచుకు తింటున్న ఇళ్లు కోనసీమలో బోలెడు. అలాంటివాళ్లు పంపకం కాగితాలు సరిచేసుకుని వెళ్లడం మంచిది.

స్థలం కాగితం, ఆధార్

స్థలం ఆడవాళ్ల పేరున గానీ ఇద్దరి పేరున గానీ ఉంటే పని సులువు. కాలువగట్టు మీద, మురుగు కాలవ పక్కన ఇల్లున్నవాళ్లకి ఆ జాగాలో ఇల్లు మంజూరు కాదు, ఎన్ని తరాల నుంచి ఉన్నా సరే. వాళ్లు అడగాల్సింది ముందు ఇంటిస్థలం, ఆ తర్వాతే ఇల్లు.

ఆధార్ దగ్గర ఎక్కువమంది ఇరుక్కునేది ఇంటిపేరుతో. పట్టాలో అత్తింటి పేరు, ఆధార్‌లో పుట్టింటి పేరు, బ్యాంకులో ఇంటిపేరే లేకుండా ఉంటుంది. మూడూ ఒకటిగా లేకపోతే బిల్లు అప్‌లోడ్ అయ్యాక కూడా డబ్బు తిరిగి వెనక్కి పోవచ్చు. బ్యాంకు ఖాతాకి ఆధార్ జత చేశామంటే సరిపోదు, ప్రభుత్వ సొమ్ము ఏ ఖాతాలో పడేలా మ్యాప్ అయి ఉందో బ్యాంకులో అడిగి చూసుకోండి. డ్వాక్రా కోసం తెరిచి వదిలేసిన పాత ఖాతాలోకి డబ్బు పోవడం మామూలే. ఇవన్నీ అయ్యాక ఆదాయ, కుల ధ్రువపత్రాలు పట్టుకుని సచివాలయంలో దరఖాస్తు ఇవ్వండి. గ్రామీణ్‌కైతే ఆవాస్ ప్లస్ యాప్‌లో సర్వే చేస్తారు, ఆ జాబితా గ్రామసభలోకి వస్తుంది. గ్రామసభకి తప్పకుండా వెళ్లండి, మీ పేరు తీసేస్తే అడిగే చోటు అదే.

డబ్బూ నీళ్లూ కలిపి లెక్కేయడం

అసలు తలనొప్పి ఇక్కడే. రెండున్నర లక్షలతో ఇల్లు పూర్తవదు, ఏ తాపీమేస్త్రిని అడిగినా నవ్వుతాడు. మన నేలలో పునాది ఖర్చు ఇంకా ఎక్కువ. లోతట్టు చేలో స్థలం వచ్చిందంటే ముందు మెరక చేయాలి, ఆ మట్టి తోలకం చాలావరకు మన నెత్తినే పడుతుంది. కొత్తగా పోసిన మెరక ఒక వానాకాలమైనా తడిసి కూరుకోకుండా దానిమీద పునాది వేస్తే గోడలు బీటలిస్తాయి. ఆగే వీలు లేకపోతే పాత గట్టినేల తగిలే దాకా తవ్వాలి, లేదా పైల్ పునాదికి ఖర్చు పెట్టుకోవాలి. ఎత్తు ఎంత పెట్టాలో ఇంజనీరు చెప్పినా, లంక ఊళ్లలో 1986 ఆగస్టు వరద, 2022 జులై వరద ఎంతవరకు వచ్చాయో పెద్దవాళ్లని అడిగి గోడ మీద గుర్తు పెట్టుకోండి.

ఇక ఎప్పుడు మొదలుపెట్టాలి? దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక కాలువలు కట్టేసే ఏప్రిల్, మే నెలల్లో. అప్పుడే నేలలో ఊట తగ్గుతుంది, గుంట తవ్వితే పొడిగా ఉంటుంది. జూన్‌లో కాలువలు వదిలి చేలకి నీళ్లు పెట్టారంటే తవ్విన గుంటల్లో ఊట నిలుస్తుంది, ఇంజను పెట్టి తోడుకోవాలి. జులైలో గోదారికి వరద వస్తే ఇసుక ర్యాంపులు మునిగిపోతాయి, ఉచిత ఇసుక విధానం ఉన్నా సరే రేవులో ఇసుకే దొరకదు, దొరికినా రవాణా మోయలేం. కొందరు ఆషాఢం పోయి శ్రావణంలో మంచి ముహూర్తం అని ఆగి, సరిగ్గా వరదలో శంకుస్థాపన చేస్తారు. ముహూర్తం కావాలనుకుంటే వైశాఖంలో చూసుకోండి, పంతులుగారికీ మేస్త్రికీ ఇద్దరికీ కుదురుతుంది. శ్లాబుకి కావాల్సిన ఇసుక, ఇటుక మే నెలాఖరుకే తోలించి పెట్టుకుంటే సగం టెన్షన్ పోయినట్టే.

నీళ్ల సంగతి మరో ముక్క. భీమవరం, నరసాపురం, రాజోలు వైపు చాలా బోర్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లతో కాంక్రీటు కలిపితే లోపల ఇనుము తుప్పు పట్టి కొన్నేళ్లకే పెచ్చులు ఊడతాయి. కాలువలు కట్టేసేలోపు చెరువునీళ్లో కాలువనీళ్లో ట్యాంకులో నింపి ఉంచుకోండి.

చేతి డబ్బుకి డ్వాక్రా సంఘం అప్పు మొదట అడగండి, వడ్డీవ్యాపారి దగ్గరికి ఆఖరున. గ్రామీణ్ లబ్ధిదారులకి బ్యాంకు నుంచి 70,000 వరకు అప్పు ఇప్పించే వీలు పథకంలోనే ఉంది, తీసుకునేవాళ్లు మాత్రం తక్కువ.

బిల్లు పడాలంటే

ప్రతి మెట్టు అయ్యాక ఇంజనీరింగ్ అసిస్టెంట్ వచ్చి యాప్‌లో ఫోటో తీసి జియోట్యాగ్ చేయాలి, అంటే ఆ ఫోటో ఏ చోట తీసిందో యాప్‌లో నమోదవ్వాలి. మీరు చెప్పకపోతే ఆయన రాడు, చెప్పినా రెండుసార్లు గుర్తుచేయాల్సిందే. ఫోటో తీశాక బిల్లు ఏ తేదీన పంపారో అక్కడే అడిగి రాసుకోండి, మీ ఫోన్లో కూడా ఫోటో ఉంచుకోండి. మొదట్లో చూపించిన స్థలం ఒకటి, కట్టింది ఇంకొకటి అయితే జియోట్యాగ్ కుదరక మొత్తం ఆగిపోతుంది, పక్క జాగాలోకి జరిగి కట్టే ఆలోచన పెట్టుకోవద్దు.

బిల్లు నెలల తరబడి రాకపోతే హౌసింగ్ ఏఈని (అసిస్టెంట్ ఇంజనీర్‌ని) కలవండి. అప్పటికీ కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే పీజీఆర్‌ఎస్‌లో (ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదికలో) అర్జీ ఇచ్చి, రసీదు నంబరు తీసుకుని రండి. నోటిమాటగా చెప్పి వచ్చినదానికి జవాబు రాదు.

బ్యాంకు అప్పుతో కట్టేవాళ్లకి

ఏడాదికి 9 లక్షల లోపు ఆదాయం ఉండి పట్టణ పరిధిలో అప్పుతో ఇల్లు కొనేవాళ్లకి, కట్టుకునేవాళ్లకి అర్బన్ 2.0లోనే వడ్డీ రాయితీ వేరే ఉంది. ఇల్లు 35 లక్షల లోపు, అప్పు 25 లక్షల లోపు ఉండాలి. మొదటి 8 లక్షల అప్పు మీద 4 శాతం రాయితీ, మొత్తం 1.80 లక్షల వరకు, అయిదు వార్షిక విడతల్లో అప్పు ఖాతాకే జమ అవుతుంది. అయితే అప్పు నడుస్తూ ఉండాలి. చేపలో రొయ్యలో అమ్మిన డబ్బు రాగానే అసలు మొత్తం తీర్చేద్దామనుకునే ఆక్వా రైతులు ఈ ముక్క బ్యాంకులో ఒకసారి అడిగి, ఆ తర్వాతే చెక్కు రాయండి.