పాత బండి ఫోర్కులో యాంటీ-డైవ్: ఏది పీకాలి, ఏది ఉంచాలి

రాజ్‌దూత్ 350, ఆర్‌ఎక్స్100 నడిపి పెరిగిన మనకు యాంటీ-డైవ్, అంటే బ్రేక్ పట్టినప్పుడు బండి ముక్కు వంగడాన్ని తగ్గించే ఏర్పాటు, పరిచయం లేని సరుకు. అమెరికా వచ్చాక 1980ల జపాన్ బండి ఒకటి కొంటాం, ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాల కాళ్లు) కింద ముందువైపు బిగించిన చిన్న అల్యూమినియం దిమ్మ, దానికి వెళ్లే బ్రేక్ హోసు చూసి ఇదేంటా అనుకుంటాం. నా గ్యారేజీలో ఉన్నది 1983 సుజుకి జీఎస్1100ఈ. దాని మీద చేసిన పనే రాస్తున్నాను. కవాసాకి జీపీజెడ్900ఆర్ లాంటి బ్రేక్ ఆయిల్‌తో పనిచేసే రకాలకూ పద్ధతి దాదాపు ఇదే. హోండా సంగతి వేరు, కింద చెప్తాను.

అసలు ఇది ఎందుకు పెట్టారంటే, అప్పటి బండ్లు బరువు, ఫోర్కులు సన్నం, స్ప్రింగులు మెత్తన, బ్రేక్ పట్టగానే ముక్కు నేలకు వంగేది. స్ప్రింగు గట్టిది వేసే బదులు, బ్రేక్ ప్రెషర్‌తోనే ఒక చిన్న పిస్టన్ లాంటి ప్లంజర్‌ని నెట్టి, ఫోర్కు ఆయిల్ వెళ్లే దారిని ఇరుకు చేశారు. దాంతో ముక్కు వంగడం నెమ్మదిస్తుంది, అంతే, ఆగదు. బ్రేక్ పట్టి ఉండగా గతుకు వచ్చిందా, ఫోర్కు కర్రలా బిగుసుకుని టైరు ఎగురుతుంది. పైగా మన వేళ్ల బలంలో కొంత ఆ ప్లంజర్‌ని నెట్టడానికే పోతుంది కాబట్టి లివర్ మెత్తగా ఉంటుంది. నలభై ఏళ్ల తర్వాత సీళ్లు ఎండిపోయి, ప్లంజర్ తుప్పు పట్టి ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

అయితే ఒక్క మాట. కోపంతో దిమ్మ మొత్తం పీకి పారేయకండి. అందులో రెండు భాగాలున్నాయి. ఒకటి బ్రేక్ ఆయిల్ ఉండే పై భాగం, రెండోది ఫోర్కు ఆయిల్ తిరిగే కింది భాగం. మనకు అక్కర్లేనిది మొదటిది మాత్రమే. రెండోదాని గుండా ఫోర్కు మామూలుగా కుదించుకునేటప్పుడు కూడా ఆయిల్ వెళ్తుంది, ఆ దారి మూసేస్తే బ్రేక్ పట్టకపోయినా ఫోర్కు ఎప్పుడూ బిగుసుకునే ఉంటుంది. నాకంటే ముందు ఈ బండి చూసిన ఒక షాపువాళ్లు సరిగ్గా అదే చేశారు, ఫోర్కు కుడి కాలు మీద దిమ్మ కింద రేకు ముక్క పెట్టి దారి మూసి వదిలేశారు. హైవే మీద ప్రతి అతుకూ మణికట్టులో తగిలేది, ఎడమ కాలు మాత్రం మామూలుగా ఉండేది.

ముందు పరీక్ష. పై భాగాన్ని హోసు తీయకుండానే స్క్రూలు విప్పి ఫోర్కు నుంచి వేరు చేసి, లివర్‌ని చాలా మెల్లగా, కొంచెమే నొక్కండి. ప్లంజర్ ఓ రెండు మిల్లీమీటర్లు బయటికి రావాలి, వదిలాక బొటనవేలితో నెడితే సులువుగా లోపలికి పోవాలి. గట్టిగా నొక్కితే మొత్తం ఊడొచ్చి బ్రేక్ ఆయిల్ చిమ్ముతుంది, పెయింటు పోతుంది, పక్కన నీళ్ల మగ్గు పెట్టుకోండి. నా దాంట్లో ఎడమది బాగానే ఉంది, కుడిది బయటికి వచ్చి అక్కడే ఉండిపోయింది, చుట్టూ గోధుమరంగు జిగురు, ప్లంజర్ మీద గోరు తగిలేంత గుంటలు. అలా ఇరుక్కున్న ప్లంజర్ బ్రేక్ వదిలాక కూడా ఫోర్కు దారి మూసే ఉంచుతుంది.

ఇక పని. హోసులు ఎలా వెళ్తున్నాయో విప్పక ముందే ఫొటోలు తీసుకోండి, ఆయిల్ ముందు యూనిట్‌కి వెళ్లి క్యాలిపర్‌కి వస్తుందా లేక అటుదిటా అన్నది మోడల్‌ని బట్టి మారుతుంది. పాత హోసులు తీసేసి మాస్టర్ సిలిండర్ నుంచి క్యాలిపర్‌కి నేరుగా కొత్త స్టీల్ అల్లిక హోసులు వేయండి. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, ఫోర్కు పూర్తిగా సాగినప్పుడు కూడా హోసు లాగకూడదు, పొడవు అలా కొలుచుకోవాలి. బాంజో బోల్టులు (హోసు చివరను బిగించే, లోపల ఆయిల్ వెళ్లే రంధ్రమున్న బోల్టులు) జపాన్ బండ్లకు సాధారణంగా 10 మి.మీ., మర దూరం 1.25 మి.మీ. బ్రెంబో వాటికి వచ్చే 1.0 పొరపాటున తిప్పారంటే క్యాలిపర్ మర పోతుంది. రాగి వాషర్లు ప్రతిసారీ కొత్తవే. బిగింపు సర్వీస్ మాన్యువల్‌లో ఉన్నంతే. జర్మనీలో ఉన్నవాళ్లు కాగితాలున్న హోసులే కొనండి, లేకపోతే అక్కడి వాహన తనిఖీ టూఫ్‌లో ఆపేస్తారు.

ప్లంజర్‌ని పూర్తిగా తీసేసి, ఖాళీ పై భాగాన్ని మళ్లీ దాని చోటే బిగించి, హోసు రంధ్రానికి ఒక బోల్టు పెట్టేయండి. దుమ్ము, నీళ్లు లోపలికి పోవు, చూడ్డానికి కంపెనీ బండిలాగే ఉంటుంది. కింది భాగంలో ఉన్న సన్నటి పిన్ను వేలితో నొక్కి చూడండి, స్ప్రింగు దాన్ని వెనక్కి నెట్టాలి. అక్కడ ఫోర్కు ఆయిల్ చెమ్మ కనిపిస్తే ఓ-రింగులు మార్చాల్సిందే.

దిమ్మ మొత్తం తీసి ప్లేటు వేయడం ఒక్క సందర్భంలోనే సరైనది, డ్యాంపర్ రాడ్‌లో (ఫోర్కు లోపల ఆయిల్ వెళ్లే రంధ్రాలున్న కడ్డీ) రంధ్రాలు పెద్దవి చేసి, దాని మీద ఎమ్యులేటర్లు అనే వాల్వులు వేసినప్పుడు. అప్పుడు డ్యాంపింగ్, అంటే ఫోర్కు ఊపును అణిచే పని, ఎమ్యులేటర్‌ది, పాత దారి తెరిచి ఉంటే ఆయిల్ అటు తప్పించుకుపోతుంది. ప్లేటు పలచన కాబట్టి బోల్టులూ పొట్టివి కావాలి, పాతవే వాడితే అడుగు తగిలి ప్లేటు నొక్కుకోదు, ఇంకా తిప్పితే లోపల విరుగుతాయి.

ఇంతటితో ఆపితే ముక్కు ఇంకా వంగుతుంది, కాబట్టి మిగిలిన డబ్బు స్ప్రింగుల మీద పెట్టండి. 80 కిలోల మనిషికి ఇలాంటి పెద్ద బండి మీద 0.9 నుంచి 1.0 కిలో/మి.మీ. స్ప్రింగు బాగుంటుంది. ఆయిల్ లెవెల్ కొలిచేది స్ప్రింగు తీసేసి, ఫోర్కు పూర్తిగా కుదించి, రెండు కాళ్లలోనూ ఒకేలా. స్ప్రింగు మీద పెట్టే స్పేసర్‌కి పీవీసీ పైపు చాలు. ఫోర్కు గొట్టానికి ఒక జిప్ టై కట్టి, కూర్చున్నప్పుడు ఎంత దిగుతుందో చూడండి, 30-35 మి.మీ. వస్తే సరిపోయినట్టే. నాకైతే యాంటీ-డైవ్ తీసినప్పటి కంటే స్ప్రింగు మార్చిన రోజే బండి మారినట్టు అనిపించింది.

హోండా వీఎఫ్750ఎఫ్ లాంటి వాటిలో ఉండే ట్రాక్ (TRAC) అనే యాంటీ-డైవ్‌కి బ్రేక్ ఆయిల్‌తో సంబంధం లేదు, క్యాలిపరే ఒక పివట్ మీద కదిలి వాల్వుని నొక్కుతుంది. దాన్ని వెల్డింగ్ చేసి కదలకుండా చేయడం చాలా ప్రమాదం. అడ్జస్టర్ అతి తక్కువ స్థాయి 1లో పెట్టి, పివట్ శుభ్రం చేసి గ్రీజు రాసి వదిలేయండి.

అంతా బిగించాక గాలి పూర్తిగా తీసి, లివర్‌ని హ్యాండిల్‌కి కట్టి రాత్రంతా ఉంచండి. పొద్దున్న ప్రతి బాంజో చుట్టూ తెల్ల టిష్యూ ఒత్తి చూడండి, తడి లేకపోతేనే వీధి చివరిదాకా నడిపి రండి. యాభై మైళ్లు తిరిగాక మళ్లీ అదే టిష్యూతో ఫోర్కు అడుగున కూడా చూడండి.